గాలిబావి మీద బండ

పుల్లయ్య మేస్త్రి పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఈ సంగతి ఎర్రగుట్టపల్లెలో చంటిపిల్లలకు కూడా తెలుసు. నాలుగో కాలు చూపించబోయినవాళ్లంతా తిట్లు తిని వెనక్కి వచ్చినవాళ్లే. అయితే ఒక్క విషయంలో మాత్రం ఆయన మొండితనం పదిమందికి మేలు చేసింది. అదే గాలిబావి.

ఊరికి తూర్పున గుట్ట కడుపులో ఆస్బెస్టాస్ రేకులకు వాడే రాతినార గని ఉంది. కరువు ఏళ్లలో గంజి కేంద్రాల ముందు చెంబు పట్టుకుని నిలబడలేక, చేలు బీడు పెట్టి, ఆ చుట్టుపక్కల రైతులు చాలామంది గనిలో కూలికి దిగారు. పుల్లయ్య కూడా అట్లా దిగినవాడే. కూలీగా దిగి, నోటి జోరుతోనూ పని నేర్పుతోనూ మేస్త్రి అయ్యాడు. గనికి గుట్ట అడుగున ఒకే దారి. వంగి నడిచి లోపలికి పోతే కాసేపటికి నిలబడగలిగే చోటు వస్తుంది. అక్కడ కూర్చుని రాయి కొడితే ఉక్కకు ప్రాణాలు పోయేవి. ఒక ఎండాకాలం ఇద్దరు సొమ్మసిల్లి పడిపోయారు. అప్పుడు పుల్లయ్య పట్టుబట్టాడు. గుట్ట పైనుంచి లోపలికి బావి తవ్వాలన్నాడు, నీళ్లకు కాదు, గాలికి.

"గాలికి బావేందయ్యా, గాలి యాడైనా ఉండాది గదా!" అని గని యజమాని గుమాస్తా నవ్వాడు. ఆ పనికి కూలి ఇచ్చేది లేదన్నాడు. పుల్లయ్య వినలేదు. సెలవు దినాల్లో తనూ, తన బావమరిది ఓబులేసూ కలిసి తవ్వారు. పైనుంచి ఒకరు, లోపలినుంచి ఒకరు. రెండు తవ్వకాలూ కలిసిన రోజు పైనుంచి గాలి జారిపడి లోపలి దుమ్మునంతా కింది దారిన తోసేసింది. ఓబులేసు ఆ బావి కింద నిలబడి, నోరు తెరిచి గాలి తాగాడు.

"బావా, ఎండన పడొచ్చి సల్లటి మజ్జిగ తాగినట్టుండాది!" అన్నాడు.

ఆ మాట పుల్లయ్య జన్మలో మరిచిపోలేదు. ఎండాకాలం లోపలి చల్లగాలి కింది దారిన బయటికి పోతుంది, దాని చోటుకు పైనుంచి కొత్తగాలి దిగుతుంది. చలికాలం వస్తే లెక్క తిరగబడి, లోపలి వెచ్చటి గాలి పైకి ఎగుస్తుంది. ఇదంతా పుల్లయ్య ఎవరికి పడితే వాళ్లకు చెప్పేవాడు, గాలిని కనిపెట్టింది తానే అయినట్టు. చెప్పుకోనీ పాపం, ఆ బావి తవ్వాక గనిలో ఎవరూ పడిపోలేదు.

అట్లాంటి బావిని ఆయనే మూశాడు. ఎందుకు మూశాడో చెప్పాలంటే యాభై ఏడో సంవత్సరం ఆషాఢం చెప్పాలి.

ఆ ఏడు జ్వరం వచ్చింది. మద్రాసులో ఓడ దిగి, రైలెక్కి, కడపలో బస్సెక్కి వచ్చిందని చెప్పుకున్నారు, టికెట్టు కొనుక్కుని వచ్చిన చుట్టంలాగా. ఒళ్లంతా రోకలితో దంచినట్టు నొప్పులు, కళ్ల మంటలు, పొడిదగ్గు. ఒక ఇంట్లో ఒకరికి వస్తే మూడోనాటికి ఇల్లంతా మంచాల మీదే. పశువులకు మేత వేసే దిక్కు లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పుల్లయ్య గనికి మోకులు కొనడానికి పులివెందుల సంతకు పోయాడు. తిరుగుబస్సులో గోనెసంచులూ మనుషులూ ఒకరి మీద ఒకరు. పక్కన కూర్చున్నవాడు దారి పొడుగునా ఈయన భుజం మీదికి దగ్గుతూనే ఉన్నాడు. మర్నాడు సాయంత్రానికి పుల్లయ్యకు ఒళ్లు వెచ్చబడింది.

"బస్సు కుదుపులు మే, ఇంగేం లేదు" అన్నాడు పెళ్లాంతో.

సుబ్బక్క ఆయన నుదురు తాకి చూసింది. మిరియాల కషాయం కాచి ఇచ్చింది. దుప్పటి కప్పింది. తెల్లారేసరికి చెమట పట్టి ఒళ్లు తేలికైంది. దగ్గు మిగిలింది. దగ్గు సంగతి ఎవరడుగుతారు? రాతినార గనిలో దగ్గనివాడెవడు? దగ్గు వింటే చాలు, ఎవడు గనిలో దిగి ఎన్నేళ్లయిందో కల్లంగడివాడు చెప్పేసేవాడు.

ఊరిపెద్ద గోపన్న చావడిలో కూర్చుని ఊరు కట్టేయాలని తేల్చాడు. పొలిమేర చుట్టూ బలి నెత్తురు కలిపిన పొలి అన్నం చల్లి, దారులకు వేపమండల తోరణాలు కడతారు. అమ్మవారికి జాతర చేసి సాగనంపేదాకా లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. ఈ కబురు విన్న క్షణమే పుల్లయ్యకు తన కుందేలు కనిపించింది.

"మే, ఊరు కట్టేసేలోగా నా జట్టును పిల్చుకోని గనికి పోతా. జాతర అయ్యేదాకా ఆడే తింటాం, ఆడే పడుకుంటాం. గుట్ట కడుపులోకి ఏ జ్వరమూ రాలేదు."

సుబ్బక్క పొయ్యి ముందునుంచి లేచి వచ్చింది. ఓబులేసు ఆమె తమ్ముడే గానీ ఆమెకు కొడుకే. తల్లి పోయేటప్పుడు వాడు నడక కూడా రాని బిడ్డ. సుబ్బక్కకు బిడ్డలు కలగలేదు. వాణ్ణి చంకనేసుకునే కాపురానికి వచ్చింది. ఎండాకాలంలోనే వాడికి పెళ్లి చేసింది. ఆషాఢమని కొత్తకోడలు లాంటి ఆ పిల్ల పుట్టింటికి పోయి ఉంది.

"ఓబులేసును ముందు పిల్చకపో" అంది. "ఈడ ఇంటింటా మంచమే. మన మహాదేవమ్మత్త ఈ పొద్దో రేపో అన్నట్టుండాది. మాయమ్మ వాన్ని నా ఒళ్లో పెట్టి పాయ. నేను నీ చేతుల్లో పెడ్తాండా. శ్రావణంలో వాని పెండ్లాం వస్తాది. దానికి నేను వాన్ని చూపించల్ల."

"నా పానం అడ్డమేస్తా లేవే."

"నీ పానం నాకెందుకు అడ్డం? వాన్ని తిరిగి తెచ్చియ్యి, అది శాలు."

జట్టులో శేషన్న, బాలస్వామి, ఇంకొందరు, వాళ్ల వెనక ఓబులేసు. రాగిపిండి మూటలు, ఉల్లిగడ్డలు, మిరపకాయలు, దుప్పట్లు మోసుకుని తోరణాలు కట్టకముందే పొలిమేర దాటారు. గని వాకిట్లో మూడు రాళ్లు పెట్టి సంగటి కెలికారు. బయట ఆషాఢపు గాలి మట్టిని లేపి కళ్లలో కొడుతుంటే, లోపల చల్లగా, హాయిగా ఉంది. పెళ్లివిడిదిలో దిగినవాళ్లలాగా ఉన్నారు అందరూ. మేస్త్రి తెలివిని మెచ్చుకోనివాడు లేడు. మెచ్చుకుంటే పుల్లయ్య ఆగుతాడా? తన మొగతనం మీద తనకే ముచ్చటేసింది.

మర్నాడు పొద్దున గాలిబావిలోంచి వేపాకు పొగ వాసన దిగింది. వెనకే సన్నగా డప్పు చప్పుడు. ఊరు పడమటన ఉంది, గాలి పడమటి గాలి. బావి నోరు ఊరివైపుకే తెరుచుకుని ఉంది. పుల్లయ్య తల ఎత్తి చాలాసేపు చూశాడు.

"పొగ వస్తాంది, డప్పు సప్పుడు వస్తాంది. జ్వరం ఒక్కటే రాకుండా దారిలో కూర్చుంటాదా?" అన్నాడు. "పాండి, పైన బండ పెట్టి మూసేద్దాం."

ఓబులేసు ఒక్కడే గొంతు విప్పాడు.

"బావా, మనం తవ్వింది గాలికి గదా. మూస్తే ఉక్కకు సస్తాం. దీపాలు ఆరిపోతాయేమో."

"కింద దారి ఉండాది గదరా. ఆరిపోతే అప్పుడు తీద్దాం. దీపం బాగుంటే మనిసి బాగుంటాడు. గనిలో ఇంతకుమించి శాస్త్రం ల్యా."

ఆ మాటలో అబద్ధం లేదు. చెడ్డగాలి పట్టిన గనిలో ముందు దీపం కొడిగడుతుంది, తర్వాత మనిషి పడతాడు. పుల్లయ్య ఇన్నేళ్లూ మనుషుల్ని కాపాడింది దీపాన్ని చూసే. కానీ దీపానికి తెలిసింది ఒక్క సంగతే. అది మండడానికి గాలి ఉందా లేదా అన్నదే అది చెబుతుంది. ఆ గాలిని ఎవరు పీల్చి వదిలారు, ఆ వదిలిన ఊపిరిలో ఏముంది అనేది దీపానికేం తెలుసు?

"నువ్వు చెప్తే సరే బావా" అన్నాడు ఓబులేసు. అంతే కాదు, బండను తోసిందీ వాడే, మట్టి తొక్కి చుట్టూ పూసిందీ వాడే. సందులన్నీ పూడ్చాక కిందికి దిగి చూస్తే దీపం నిటారుగా, కదలకుండా వెలుగుతోంది. "సూస్తివా!" అని పుల్లయ్య దగ్గుతూనే నవ్వాడు.

దీపం కదలలేదు నిజమే. బీడీ పొగ కూడా కదలలేదు. అంతకుముందు బీడీ వెలిగించగానే దాని పొగ కింది దారి పట్టేది. ఇప్పుడు తలల మీద చూరులాగా నిలబడిపోయింది. శేషన్న దాన్ని వేలితో చూపించి, "మబ్బు పట్టె, వాన వస్తాదేమో మేస్త్రీ" అన్నాడు. అందరూ నవ్వారు. పుల్లయ్యే ఎక్కువ నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే తర్వాత రోజుల్లో ఆయనకు ముద్ద దిగేది కాదు.

ముందు పడినవాడు బాలస్వామి. పొద్దున లేవలేక, ఒళ్లు సలసలా కాగుతూ గోడవైపు తిరిగి పడుకున్నాడు. పుల్లయ్య పరుగున గుట్ట ఎక్కి బండ చుట్టూ చూశాడు. ఎండకు మట్టి ఆరి వెంట్రుకంత బీట తీసి ఉంది.

"ఇదో, ఇట్లొచ్చింది దొంగముండ!" అని జ్వరాన్ని తిట్టి, ఆ బీటలో కొత్త మట్టి కూరాడు. చాలదని కిందికి వచ్చి గని వాకిలికి గోనెపట్టాలు తడిపి వేలాడదీశాడు.

దొంగ ఇంట్లో ఉంటే వీధి తలుపుకు గడియ మీద గడియ వేసినట్టయింది. ఒకడి వెనక ఒకడు పడ్డారు. పడ్డవాళ్ల పక్కనే పడనివాళ్లు. అందరి ఊపిరీ ఆ ఒక్క చోటే తిరుగుతోంది. పుల్లయ్య మాత్రం గట్టిగానే తిరిగాడు. తనకు రాకపోవడం తన గుండెబలం అనుకున్నాడు. ఓబులేసు అందరికీ నీళ్లు పట్టాడు, అందరి నుదుళ్ల మీదా తడిగుడ్డ వేశాడు. ఆఖరికి వాడూ కూర్చున్నచోటే ఒరిగాడు.

మిగిలినవాళ్లకు జ్వరం జ్వరంలాగే ఉంది. ఓబులేసుకు రొమ్ము పట్టేసింది. చిన్నప్పటినుంచి ఆ దుమ్ములోనే పెరిగిన ఊపిరితిత్తులు. మాట మాటకూ మధ్య ఆగి గాలి లాక్కుంటున్నాడు.

"బావా... ఆ బండ తీయరాదా. ఒక్కతూరి."

పుల్లయ్య వాడి తల నిమిరాడు. "ఓర్చుకో నాయనా. ఊర్లో ఇంగా తగ్గల్యా. ఇప్పుడు తీస్తే ఇంగా ఎక్కువయితాది."

వాడు మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. తిట్టి ఉన్నా బాగుండేది. బావ మాట మీద వాడికి ఉన్న నమ్మకం ముందు బావ తెలివి ఎంత చిన్నదో ఆ దేవుడికే ఎరుక.

మర్నాడు మధ్యాహ్నానికి వాడి పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. అప్పుడు విరిగింది పుల్లయ్య మొండితనం. గోనెపట్టాలు చింపి అవతల పారేసి, వాణ్ణి వీపున వేసుకుని ఊరి దారి పట్టాడు. శేషన్న ఊగుతూ తూలుతూనే వెనక వచ్చాడు. పొలిమేర దగ్గర వేపతోరణం కింద గోపన్న కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"దాటగూడదు పుల్లయ్యా. రేపు జాతర. ఊరు కట్టేసి ఉండాది."

"సస్తాండాడు గోపన్నా!"

"ఊరంతటి సంగతప్పా ఇది. నేనేం జేయాల?" గోపన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఈ కేకలు విని సుబ్బక్క వచ్చింది. ఆమె చిక్కి సగమై ఉంది. ఆమెకూ జ్వరం వచ్చి పోయింది. తమ్ముణ్ణి చూసింది, తోరణాన్ని చూసింది. ఒక్క గుంజుతో దాన్ని తెంపి, పొలి చల్లిన గీత దాటి బయటికి వచ్చేసింది. ఆపే ధైర్యం గోపన్నకు లేకపోయింది.

దారిపక్క తుమ్మచెట్టు కింద కూర్చుని వాడి తల ఒళ్లో పెట్టుకుంది. పడమటి గాలి ఊరి మీదుగా హోరుమని వీస్తోంది. ఓబులేసు కళ్లు తెరిచాడు. గాలిబావి కింద నిలబడ్డప్పటిలాగే నోరు తెరిచాడు.

"గాలి బాగుండాది అక్కా" అన్నాడు.

పొద్దు వాలకముందే పోయాడు.

శ్రావణంలో రావలసిన పిల్ల ఆషాఢంలోనే వచ్చింది. ఆ పిల్ల ఏడుపు గురించి చెప్పడం నావల్ల కాదు.

గనిలో మిగిలినవాళ్లను బయటికి మోసుకొచ్చి చెట్ల కింద పడుకోబెట్టారు. నాలుగు రోజుల్లో ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. ఊళ్లోనూ అంతే. ఆ ఉక్కకు ఇళ్లలో ఉండలేక జనం మంచాలు వీధుల్లోకి లాక్కుని, గాలికి పడుకుని, మూలిగి మూలిగి లేచారు. ఈ పొద్దో రేపో అని సుబ్బక్క పుల్లయ్యతో చెప్పిన ఆ మహాదేవమ్మత్త వీధరుగు మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. ఆయన్ను చూసి, "నన్ను తీస్కపోక ఆ బిడ్డను తీస్కపాయ గదరా దేవుడు!" అని రొమ్ము బాదుకుంది. పుల్లయ్య తల వంచుకుని దాటిపోయాడు.

గని మళ్లీ తెరిచాక ఒకరోజు సంగటి వేళ శేషన్న మాటవరసకు అన్నాడు. "జ్వరం మొదట తగిలింది నీకే గదా మేస్త్రీ? సంత నుంచి వచ్చిన మర్నాడు నీ కండ్లు మోదుగుపూల మాదిరి ఉండె. నువ్వు గట్టోడివి, నిలబడే తోలేస్తివి."

మెచ్చుకోలుగానే అన్నాడు. పుల్లయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బస్సు, భుజం మీది దగ్గు, వెచ్చబడిన ఒళ్లు, కషాయం అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. జ్వరం ఏ బీటలోంచీ రాలేదు. తన కాళ్ల మీద నడిచి, తన రొమ్ములో కూర్చుని గనిలోకి వచ్చింది. వచ్చాక అది బయటికి పోకుండా మట్టి మెత్తి కాపలా కాసింది తాను. ఈ తెలివి నెల ముందు వస్తే ఎంత బాగుండేది! చేతులు కాలాక ఆకులు దొరుకుతాయి మనిషికి.

ఆ రోజే గుట్ట ఎక్కి బండను గడ్డపారతో పక్కకు దొర్లించాడు. కానీ ఇంట్లో జరుగుతున్నది అంతకన్నా కష్టంగా ఉంది. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ సుబ్బక్క ఒకే మాట చెప్పేది. "మా ఆయన తప్పేం లేదమ్మా. వానికోసరం గాలిబావి కూడా మూసినాడు. ఒక్క సందు ఇడవకుండా మట్టి పూసినాడు. మనిసి అంతకంటే ఏం జేస్తాడు?" గోడ అవతల కూర్చుని ఆ మాటలు వినేవాడు పుల్లయ్య. ఊరంతా కలిసి ఉమ్మేసినా అంత నొప్పి ఉండేది కాదు. చెప్పేద్దామని ఎన్నిసార్లో నోరు తెరిచాడు. ఊళ్లో అందరి నోళ్లూ మూయించిన మేస్త్రికి తన నోరు పెగల్లేదు.

కార్తీకం వచ్చింది. తమ్ముడు తవ్విన బావి దగ్గర దీపం పెడతానంది సుబ్బక్క. సాయంత్రం ఇద్దరూ గుట్ట ఎక్కారు. ఆమె ప్రమిదలో నూనె పోసి, వత్తి వేసి, బావి అంచున పెట్టి వెలిగించింది. చలి మొదలైంది కాబట్టి గాలి పైకి తిరిగింది. లోపలినుంచి వెచ్చటి ఊపిరి లాంటిది ఎగసి వచ్చి దీపాన్ని ఆర్పేసింది. మళ్లీ వెలిగించింది. మళ్లీ ఆరిపోయింది.

"ఆ బండ కొంచెం అడ్డం జరుపు, దీపం నిలుస్తాది" అంది.

పుల్లయ్య కదల్లేదు. బండ కేసి చూశాడు. వాన తగలని దాని అడుగంచున ఎండిన మట్టిలో ఓబులేసు వేళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి.

"నేను దాన్ని ముట్టలేను మే" అన్నాడు.

సుబ్బక్క ఆరిన వత్తిని వేలితో సర్దుతూ, ఆయన వైపు చూడకుండానే అంది.

"సంత నుంచి వచ్చినాక నీ ఒళ్లు పెనం మాదిరి కాలుతాండె. కషాయం కాచిచ్చింది ఎవరనుకుంటివి?"

పుల్లయ్య ఆమె వైపు తిరిగాడు.

"అది ఆ జ్వరమే అని నాకు అప్పుడే తెలుసు. ఊర్లో చెప్తే నిన్ను ఇంట్లో పెట్టి తలుపేస్తారు. నువ్వు లేకుండా వాడొక్కడే గనికి పోల్లేడు. నీ ఎంట ఉంటే వానికేం గాదనుకుంటి. అందుకే చెప్పల్యా." ఆమె గొంతు వణకలేదు. ఇన్ని నెలలూ లోపల వణికి వణికి అలిసిపోయినట్టుంది. "నీ తప్పేం లేదని ఊరంతా ఎందుకు చెప్తి అనుకుంటివి? నీ తప్పు బయటపడితే నాది గూడా బయటపడతాదని."

పుల్లయ్య ఆమె పక్కన కూలబడ్డాడు. తప్పు నీది కాదని చెప్పాలనుకున్నాడు. కాదని చెప్పడానికి ఏముంది? ఇద్దరూ కలిసే పంపారు వాణ్ణి, ఇద్దరూ వాడి మంచి కోరే.

సుబ్బక్క మూడోసారి దీపం వెలిగించింది. బావిలోంచి గాలి వచ్చి మళ్లీ ఆర్పింది. ఈసారి ఆమె బండ జరపమని అడగలేదు.

"పోనీలే" అంది. "వానికి గాలి ఆడనీ."